విశాఖ, విజయనగరం ఒకే రోజులో: గైడుని కుదుర్చుకుని సొంతంగా తిరగడం ఎలా?

విశాఖలో ఒక్కరోజుకి కారు, గైడు కావాలని అడిగితే చాలాసార్లు దొరికేది కారు, మాటకారి డ్రైవరు. కైలాసగిరి ఎక్కించి, ఋషికొండ దగ్గర ఫొటోలు తీయించి, సాయంత్రానికి ఆర్కే బీచ్‌లో దించేస్తారు. ఆ మాత్రం దానికి గైడు ఎందుకు, సిటీ బస్సు చాలదూ? మనిషిని పెట్టుకుని, డబ్బిచ్చి చెప్పించుకోవలసిన సంగతులు బయటపడేది విశాఖని విజయనగరంతో కలిపి చూసినప్పుడే.

రెండూళ్లకీ మధ్య సుమారు 60 కిలోమీటర్లు. ఒకటి రేవు, ఇంకొకటి రాజుల ఊరు. సింహాచలం కొండ విశాఖలో ఉంది, ఆ గుడికి వంశపారంపర్య ధర్మకర్తలు మాత్రం విజయనగరం పూసపాటి వారు. ఆ వంశపు రాజొకరు ఈస్టిండియా కంపెనీ సైన్యంతో పోరాడి నేలకొరిగిన పద్మనాభం ఈ రెండిటికీ నడుమ ఉంది. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడేదాకా ఈ రెండూ ఒకే జిల్లాలో ఉండేవి. కాబట్టి ఒక ఊరు చూసి రెండోది వదిలేస్తే కథ సగంలో ఆగిపోతుంది.

బయటూరి నుంచి చుట్టాలు వచ్చినప్పుడో, పిల్లలకి సెలవులప్పుడో, అమ్మానాన్నలతోనో ఇలా ఒక రోజు తిరగాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ముందు కథ ఎంచుకోండి, తర్వాత దారి గీసుకోండి, ఆ తర్వాతే గైడుని వెతకండి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. ముందు ప్యాకేజీ కొంటారు, అందులో ఉన్న పది చోట్లకీ ఉరుకులు పరుగులు పెడతారు, రాత్రికి ఏది ఎక్కడ చూశారో గుర్తుండదు.

ముందు కథ ఎంచుకోండి

ఈ 60 కిలోమీటర్లలో కనీసం మూడు కథలున్నాయి. మొదటిది పూసపాటి రాజులది: సింహాచలం, పద్మనాభం, విజయనగరం కోట, పైడితల్లి అమ్మవారు. రెండోది పాటదీ మాటదీ: సంగీత కళాశాల, గురజాడ ఇల్లు. మూడోది సముద్రానిది: తొట్లకొండ బౌద్ధారామం, భీమిలిలో డచ్చివాళ్ల సమాధులు, కురుసుర జలాంతర్గామి. ఒక్క రోజులో మూడూ పూర్తిగా చూడటం కుదరదు. ఒకటి నిండుగా, ఇంకొకటి రుచి చూసినంత. అంతకు మించి ఆశపడితే కారు కిటికీలోంచి చూడటమే మిగులుతుంది.

పొద్దున్నంతా రాజుల కథ, మధ్యాహ్నం నుంచి సముద్రం, నడుమ విజయనగరంలో ఉన్నప్పుడే పాట కోసం ఓ అరగంట: నేనైతే ఇలా పెట్టుకుంటాను. కురుసుర మామూలు రోజుల్లో తెరిచేదే మధ్యాహ్నం. సముద్రపు గాలి హాయిగా ఉండేది సాయంత్రం. విజయనగరం కోట మాత్రం ఎండ ముదరక ముందే చూడాలి. అందుకని విశాఖలో బస చేసినా సరే, ముందు విజయనగరం వెళ్లిపోయి, తిరుగు ప్రయాణంలో తీరం వెంట రండి. విశాఖ ముందు చూసేసి మధ్యాహ్నం ఎండలో విజయనగరం చేరేవాళ్లు ఘంటస్తంభం దగ్గర ఓ ఫొటో దిగి వెనక్కి వచ్చేస్తారు.

పిల్లలుంటే సముద్రం వైపు, పెద్దవాళ్లుంటే గుళ్ల వైపు మొగ్గు చూపండి. సాహిత్యం, సంగీతం అంటే ప్రాణం పెట్టేవాళ్లు వస్తే తొట్లకొండ మానేసి విజయనగరంలో ఇంకో గంట ఉండండి.

రోజు ఎంచుకోవడం

బుధ, గురు, శుక్రవారాల్లో ఏదైనా మంచిదే. సోమవారం కురుసురకి సెలవు. మంగళవారం పైడితల్లి గుడి దగ్గర రద్దీ. శనివారం సింహాచలంలో క్యూ పెరుగుతుంది. ఆదివారం సంగీత కళాశాల మూసి ఉంటుంది, పైగా సాయంత్రం ఆర్కే బీచ్‌లో కారు ఆపడానికి చోటు దొరకదు. కార్తీకమాసం ఆదివారాలైతే వనభోజనాల వాళ్లతో భీమిలి రోడ్డంతా తిరనాళ్లే.

కొన్ని రోజులు మాత్రం ఈ ప్రయాణం పెట్టుకోకండి. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం జరుగుతుంది. అది ప్రత్యేకంగా వెళ్లి చూడాల్సిన పండగే కానీ, ఆ రోజూ దాని ముందురోజు తొలేళ్లకీ ఊళ్లో కారు కదలదు. అక్షయ తృతీయ నాడు సింహాచలంలో చందనోత్సవం. ఏడాదిలో ఆ ఒక్క రోజే స్వామి నిజరూప దర్శనం కాబట్టి జనసంద్రం. ఆషాఢ పౌర్ణమికి గిరి ప్రదక్షిణ: భక్తులు కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడుస్తారు, నగరంలో సగం రోడ్లు వాళ్లవే. డిసెంబరు 4 నౌకాదళ దినోత్సవం, ఆ సందర్భంగా బీచ్ రోడ్డు మీద ఆంక్షలుండొచ్చు.

కాలం సంగతికొస్తే నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా హాయి. అక్టోబరు, నవంబరుల్లో తుపాన్ల భయం ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చేసిన బీభత్సం ఇక్కడెవరూ మర్చిపోలేదు. ఆ నెలల్లో బుక్ చేసుకుంటే వాతావరణ హెచ్చరిక వస్తే తేదీ మార్చుకోవచ్చా అని ముందే అడగండి. ఏప్రిల్, మే నెలల్లో ఉక్కపోత మనిషిని పిండేస్తుంది. తప్పనిసరైతే తెల్లవారుజామున బయలుదేరి, మధ్యాహ్నం రెండు గంటలు ఎక్కడైనా నీడపట్టున ఆగండి.

గైడుని వెతకడం, పరీక్షించడం

డ్రైవరు వేరు, గైడు వేరు. ఇద్దరి పనీ ఒకరే చేస్తారంటే ఖర్చు తగ్గుతుంది, నిజమే. కానీ కోట దగ్గర కారుకి చోటు వెతుక్కునే మనిషి మీతో లోపలికి రాలేడు. గేటు దగ్గర "మీరు చూసొచ్చేయండి మాస్టారూ, నేనిక్కడే ఉంటాను" అంటాడు. ఆ మాట వినపడిందంటే మీరు గైడుకని ఇచ్చిన డబ్బు వృథా అయినట్టే.

పర్యాటక శాఖ గుర్తింపు ఉన్న గైడులు ఉన్నారు. గుర్తింపు కార్డు చూపించమనడానికి మొహమాటపడకండి, అసలు గైడులెవరూ నొచ్చుకోరు. రాష్ట్ర పర్యాటకాభివృద్ధి సంస్థ కౌంటరులో అడగండి, మీరు దిగిన హోటల్లో అడగండి. ఇంకో దారి కూడా ఉంది, అది నాకు ఎక్కువ నచ్చుతుంది. చరిత్ర, తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన మాస్టార్లు, పరిశోధన విద్యార్థులు రెండూళ్లలోనూ ఉన్నారు. తెలిసినవాళ్ల ద్వారా అలాంటివారు ఒకరు దొరికితే వదలకండి. వారు ధర చెప్పడానికి ఇబ్బంది పడతారు కాబట్టి మీరే ముందుగా ఒక అంకె చెప్పి, గౌరవంగా కవరులో పెట్టి ఇవ్వండి.

కుదుర్చుకునే ముందు ఫోన్లో పది నిమిషాలు మాట్లాడండి. "మీకేం తెలుసు?" అని అడిగితే అన్నీ తెలుసంటారు. కింది మూడూ అడిగి చూడండి.

సింహాచలం గుడికీ విజయనగరం కోటకీ ఏమిటి సంబంధం? జవాబులో పూసపాటి వారి ధర్మకర్తృత్వం రావాలి.

పద్మనాభంలో ఏం జరిగింది? 1794 జూలై 10న చిన విజయరామరాజు కంపెనీ సైన్యంతో పోరాడి అక్కడే చనిపోయారు. ఈ మాట చెప్పకుండా కొండ మీద అనంత పద్మనాభస్వామి గుడి ఒక్కటే చెబితే సగం మార్కులు.

పైడితల్లికీ బొబ్బిలి యుద్ధానికీ ముడి ఎక్కడ? బొబ్బిలి యుద్ధం 1757 జనవరిలో జరిగింది. ఫ్రెంచి సేనాని బుస్సీ అండతో విజయనగరం రాజు పెద విజయరామరాజు బొబ్బిలి కోట మీద పడ్డారు. బొబ్బిలి కోట కూలింది, ఆ వెంటనే తాండ్ర పాపారాయుడి చేతిలో ఆ రాజూ పోయారు. పైడిమాంబ ఆయన చెల్లెలనీ, అన్నని వారించాలని చూసిందనీ, అన్న మరణవార్తతో ప్రాణం విడిచి పెద్దచెరువులో దేవతగా వెలిసిందనీ ఊరి నమ్మకం. మంచి గైడు ఇందులో చరిత్ర ఎంతవరకో, ఎక్కడ నుంచి నమ్మకమో విడదీసి చెబుతాడు. రెండూ కలగలిపి దంచేసేవాడిని తీసుకోకండి. నమ్మకాన్ని వెక్కిరించేవాడినీ తీసుకోకండి, గుడి దగ్గర మీకే ఇబ్బంది.

ఇంకో చిన్న పరీక్ష: "మా నాన్నగారికి మోకాళ్ల నొప్పులండీ, ఏం మానేద్దాం?" అని అడగండి. ఏదీ మానక్కర్లేదు, అన్నీ చూపించేస్తానంటే అతను ఊళ్లు చూపించడు, లిస్టు పూర్తిచేస్తాడు.

కారు బేరం

అద్దె కార్లవాళ్లు ఊళ్లో తిరగడానికి మామూలుగా చెప్పేది 8 గంటలు, 80 కిలోమీటర్ల ప్యాకేజీ. మన ప్రయాణానికి అది చాలదు. సింహాచలం, విజయనగరం, భీమిలి చుట్టి ఆర్కే బీచ్‌కి వచ్చేసరికి 140, 150 కిలోమీటర్లు తేలుతాయి, పదమూడు గంటలు పడుతుంది. 80 ప్యాకేజీకి ఒప్పుకుని 150 తిరిగితే 70 కిలోమీటర్లకి, 5 గంటలకి అదనపు రేటు పడుతుంది. చౌకగా కనిపించిన ప్యాకేజీ అక్కడే ఖరీదవుతుంది. ఇంకోవైపు 'అవుట్‌స్టేషన్' లెక్కలో పెడితే రోజుకి కనీసం ఇన్ని వందల కిలోమీటర్లని కడతారు, తిరగని దూరానికి డబ్బిస్తాం. పదమూడు గంటలకి, 150 కిలోమీటర్లకి ఒకే మొత్తం చెప్పమని ముగ్గురిని అడిగి పోల్చుకోండి.

డ్రైవరు బత్తా, టోలు, పార్కింగు ఆ మొత్తంలోనే ఉన్నాయా లేదా తేల్చుకోండి. కిలోమీటర్ల లెక్క మీరు ఎక్కిన చోటు నుంచా, వాళ్ల గ్యారేజీ నుంచా అన్నది కూడా అడగండి, గొడవలు ఎక్కువగా వచ్చేది ఇక్కడే. బండికి పసుపు నంబరు ప్లేటు ఉండాలి. తెల్ల ప్లేటు బండి అద్దెకి తిరగకూడదు, దారిలో ఆపితే మీ రోజు పోతుంది. నలుగురు, గైడు, డ్రైవరు అంటే ఆరుగురు. చిన్న కారులో గైడుని వెనక సీట్లో ఇరికిస్తే ఎవరికీ మాట వినపడదు. ఏడు సీట్ల బండి తీసుకుని గైడుని మధ్య వరుసలో కూర్చోబెట్టండి.

రాతలో పెట్టుకోండి

ఫోన్లో అనుకున్నవన్నీ వాట్సాప్‌లో ఒక్క సందేశంగా పంపండి. ఈ మాదిరిగా సరిపోతుంది:

"నమస్కారమండీ. వచ్చే గురువారం మేం నలుగురం, అందులో ఒకరు పెద్దవారు, మెట్లు ఎక్కలేరు. ఉదయం 6 గంటలకి ఎంవీపీ కాలనీలో ఎక్కుతాం. సింహాచలం, విజయనగరం కోట, పైడితల్లి గుడి, గురజాడ ఇల్లు, సంగీత కళాశాల, భీమిలి, తొట్లకొండ, కురుసుర. రాత్రి 7 గంటలకి ఆర్కే బీచ్ దగ్గర ముగింపు. మీరు ప్రతిచోటా లోపలికి మాతో వస్తారు. దుకాణాలకి తీసుకెళ్లడం వద్దు. మీ ఫీజు ఇంత, కారు విడిగా మేమే మాట్లాడుకున్నాం. మీ భోజనం మాతోనే. సరేనంటే చెప్పండి, సగం ఇప్పుడే పంపుతాను."

"దుకాణాలు వద్దు" అన్న ముక్క తీసేయకండి. జీడిపప్పు, హస్తకళలు, ముత్యాలు అమ్మే కొట్లకి తీసుకెళ్తే కొందరికి కమీషను ముడుతుంది. మీకు కొనాలనుంటే మీరే అడగండి, లేకపోతే ఆ ముప్పావుగంట భీమిలికి మిగుల్తుంది.

ఆ రోజు: తెల్లవారి సింహాచలం

ఆరింటికి బయలుదేరితే ఏడు లోపు కొండ మీద ఉంటారు. ఆర్కే బీచ్ వైపు హోటల్లో ఉన్నవాళ్లకి ఒక మాట: తెల్లవారి నడక కోసం వచ్చేవారికని ఆ రోడ్డు మీద వాహనాలు ఆపుతారు. కారుని వెనక వీధిలోకి రమ్మనండి.

సెల్‌ఫోన్లు, కెమెరాలు లోపలికి తీసుకెళ్లనివ్వరు, కారులోనే వదిలేయండి. దర్శనానికి ముందు గైడు చెప్పాల్సినవి రెండు మూడున్నాయి. స్వామి వరాహ, నృసింహ రూపాలు కలిసిన మూర్తి. ఏడాది పొడవునా చందనం పూతలో లింగాకారంగా కనిపిస్తారు. గుడి పడమర ముఖంగా ఉంటుంది. కట్టడంలో కళింగ శైలి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్రలో 1516లో ఇక్కడికి వచ్చి కానుకలు సమర్పించినట్టు శాసనం ఉంది. కప్పస్తంభాన్ని కౌగిలించుకుంటే కోరిక తీరుతుందని నమ్మకం. అక్కడ వరస కొంచెం నెమ్మదిగా కదులుతుంది, ఓపిక పట్టండి.

టిఫిను కొండ దిగాక చేయండి. ఎనిమిదిన్నరకల్లా బయలుదేరాలి. మళ్లీ నగరంలోకి రాకుండా అడవివరం నుంచి శొంఠ్యాం మీదుగా ఆనందపురం చేరితే ట్రాఫిక్ తప్పుతుంది. అక్కడ నుంచి జాతీయ రహదారి, తగరపువలస వంతెన కింద గోస్తనీ నది. బొర్రా గుహల వైపు కొండల్లోంచి దిగి వచ్చిన ఈ నదే భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది, మధ్యాహ్నం అక్కడ మళ్లీ చూస్తారు. తగరపువలస దాటాక రహదారి వదిలి ఎడమకి విజయనగరం రోడ్డు.

పద్మనాభం వెళ్లాలంటే దీనికి బదులు ఆ ఊరి మీదుగా పోయే చిన్న రోడ్డు పట్టాలి. కొండ మీది గుడికి వెయ్యికి పైగా మెట్లున్నాయి, ఈ ప్రయాణంలో ఎక్కే సమయం లేదు. కిందనే ఆగి గైడుతో యుద్ధం కథ చెప్పించుకుని కదలండి. కంపెనీ పేష్కషు (కప్పం) పెంచుతూ పోవడం, బాకీలు, రాజుని ఊరు వదిలి పొమ్మనడం, ఆయన పద్మనాభంలో మకాం వేసి వెనక్కి తగ్గకపోవడం అన్నీ వరసగా వినాలి. ఆ తర్వాత విజయనగరం కోటలో అడుగుపెడితే అది కేవలం గోడల్లా కనిపించదు.

విజయనగరంలో నాలుగు గంటలు

పదింటికి కోట. 1713లో పునాది వేశారు. విజయ నామ సంవత్సరం, విజయదశమి, జయవారమని పిలిచే మంగళవారం, ఇలా విజయాలన్నీ కలిసొచ్చేలా ముహూర్తం పెట్టారంటారు. ఊరి పేరు కూడా ఆ వరసలోదే. సిరిమానోత్సవం మంగళవారం జరగడంలో ఆ వారం మళ్లీ కనిపిస్తుంది.

కోటలో విద్యాసంస్థలు నడుస్తున్నాయి, పుస్తకాల సంచులతో పిల్లలు తిరుగుతుంటారు. మ్యూజియం అనుకుని వెళ్తే నిరాశ పడతారు. టిక్కెట్టు కౌంటరు, సూచిక బోర్డులు లేని చోట గైడు విలువ తెలుస్తుంది. గేటు దగ్గర కాపలా మనిషికి చెప్పి వెళ్లడం, తరగతులు జరిగే వైపు పోకపోవడం, అమ్మాయిల ఫొటోలు తీయకపోవడం కనీస మర్యాద. కోట చుట్టూ కందకం ఉండేది. నగారాఖానా ద్వారం కింద నిలబడి పైకి చూడండి. ఒకప్పుడు నగారాలు మోగింది అక్కడే. మహారాజా కళాశాల ముచ్చట కూడా ఇక్కడే అడగాలి. 1857లో బడిగా మొదలై 1879లో కళాశాల అయింది. దేశమంతా సిపాయిల తిరుగుబాటుతో అట్టుడుకుతున్న ఏడాది ఇక్కడ రాజావారు బడి పెట్టారన్నమాట. దాని మీద మీ గైడు ఏమంటాడో వినండి, మంచి చర్చ నడుస్తుంది.

కోట నుంచి నడిచే వెళ్లండి. కారుని మూడు లాంతర్ల కూడలి దగ్గరికి పంపించేయండి. పైడితల్లి గుడి చిన్నది, దర్శనం త్వరగా అవుతుంది. పొడవాటి మాను చివర పీఠం మీద పూజారి కూర్చుంటే, ఆ మానుని గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు ఊరేగించే దృశ్యాన్ని ఆ దారిలోనే నిలబడి గైడు వర్ణించాలి. ఇళ్ల ఎత్తు, వీధి వెడల్పు చూస్తూ వింటే ఒళ్లు గగుర్పొడుస్తుంది. అక్కడి నుంచి బజారు మీదుగా ఘంటస్తంభం. దాన్ని చూడటానికి రెండు నిమిషాలు చాలు, చుట్టూ ఉన్న బజారుకి పావుగంట ఇవ్వండి.

గురజాడ అప్పారావు గారి ఇంటికి వెళ్లేటప్పుడు పిల్లలకి ముందే నాలుగు మాటలు చెప్పి ఉంచండి. 1892లో 'కన్యాశుల్కం' మొదటిసారి రంగం ఎక్కింది ఈ ఊళ్లోనే. బొంకుల దిబ్బ అని ఆ నాటకంలో వినపడే చోటు ఎక్కడో చూపించమని గైడుని అడగండి. విజయనగరం వాడైతే మొహం వెలిగిపోతుంది. ఇల్లు తెరిచి ఉంటుందో లేదో ముందురోజే కనుక్కోమని అతనికే అప్పగించండి.

ఆ తర్వాత సంగీత కళాశాల. 1919లో పెట్టారు, మొదటి అధ్యక్షులు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు. ద్వారం వెంకటస్వామినాయుడు గారు ఇక్కడ వయొలిన్ నేర్పారు, తర్వాత ప్రిన్సిపాల్ అయ్యారు. ఘంటసాల, సుశీల ఇక్కడ చదువుకున్నారు. కార్యాలయంలో అనుమతి అడిగి, వరండాలో చడీచప్పుడు లేకుండా నిలబడితే ఏదో ఒక గదిలోంచి సాధన వినపడుతుంది. ఈ చోట గైడుని కూడా కాసేపు మాట్లాడొద్దని చెప్పండి.

ఒంటిగంటకి భోజనం. పేరున్న హోటలు కోసం ఊరవతలికి పోకండి, బజారుకి దగ్గర్లో భోజనం బోర్డున్న చోట తినేసి కదలండి. చేపలు కావాలంటే రాత్రికి విశాఖలో వంజరమో కొమ్ముకోనామో తినొచ్చు.

మధ్యాహ్నం: తీరం వెంట వెనక్కి

రెండింటికల్లా విజయనగరం వదలాలి. తగరపువలస దగ్గర రహదారి దాటి నేరుగా భీమిలి. ఈ పట్నం మునిసిపాలిటీ అయింది 1861లో. ఇప్పుడు మహా విశాఖలో కలిసిపోయింది కానీ, భీమిలి వాళ్ల దగ్గర ఆ మాట తొందరపడి అనకండి. డచ్చివాళ్లు 17వ శతాబ్దంలో ఇక్కడ వర్తక స్థావరం పెట్టారు. వాళ్ల సమాధుల తోటలో పలకల మీద చెక్కిన అక్షరాలు, చిహ్నాలు చూడండి. చనిపోయినవాళ్ల వయసులు చదివించండి, ఎంత చిన్నవాళ్లో తెలుస్తుంది. తర్వాత దీపస్తంభం, గోస్తని సాగర సంగమం. అన్నీ దగ్గర దగ్గరే, గంటలో అయిపోతుంది.

భీమిలి నుంచి విశాఖ వైపు వస్తుంటే రెండు చోట్లలో ఒకటి ఎంచుకోవాలి. ఎర్రమట్టి దిబ్బలు వేల ఏళ్లుగా గాలి, నీరు, సముద్రమట్టాల మార్పు కలిసి చెక్కినవి. భూగర్భశాస్త్రవేత్తలకి పుణ్యక్షేత్రం లాంటి చోటు. దిబ్బలు ఎక్కడం, మట్టి తవ్వడం చేయకండి, ఒక్క వానకే కరిగే మట్టి అది. రెండోది తొట్లకొండ. 1970ల్లో నౌకాదళం వాళ్లు స్థావరం కోసం సర్వే చేస్తుంటే ఈ కొండ మీద బౌద్ధారామం ఆనవాళ్లు బయటపడ్డాయి. పురావస్తు శాఖ 1988 నుంచి 1993 దాకా తవ్వింది. బండలో తొలిచిన నీటి తొట్లు ఉన్నాయి కాబట్టి తొట్లకొండ. రెండు వేల ఏళ్ల కిందట భిక్షువులు వానాకాలం గడిపిన గదుల పునాదుల నుంచి చూస్తే సముద్రం కళ్ల నిండా పరుచుకుంటుంది. గైడు ఉన్నాడు కాబట్టి నా ఓటు తొట్లకొండకే. దిబ్బలు ఎవరూ చెప్పకపోయినా అందంగానే ఉంటాయి, తొట్లకొండ మాత్రం చెప్పేవాళ్లు లేకపోతే ఇటుకల వరసలే. పైదాకా కారు వెళ్తుంది. చీకటి పడే ముందే మూస్తారు, నాలుగున్నర దాటనివ్వకండి.

ఋషికొండ దగ్గర ఆగినా నీళ్లలోకి దిగడం మానేయండి. విశాఖ తీరమంతా లోపలికి లాగేసే ప్రవాహాలున్నాయి, ఏటా ప్రాణాలు పోతున్నాయి. డ్రోను తెచ్చుకున్నవాళ్లు దాన్ని సంచిలోనే ఉంచండి, ఇది నౌకాదళం ఊరు.

కురుసురకి ఐదున్నర, ఆరు గంటలకి చేరతారు. సోవియట్ యూనియన్‌లో కట్టిన ఈ జలాంతర్గామి 1969 డిసెంబరులో నౌకాదళంలో చేరింది, 1971 యుద్ధంలో పాల్గొంది, 2001లో విశ్రాంతి తీసుకుంది, 2002 నుంచి ఒడ్డున ప్రదర్శనశాల. లోపల చూపించేది నౌకాదళంలో పనిచేసి వచ్చినవాళ్లు. మీ గైడుని బయట టీ తాగమనండి, లోపల వాళ్లు చెప్పిందే వినాలి. దాదాపు 91 మీటర్ల పొడవున్నా దారి మాత్రం ఒక్క మనిషి పట్టేంత, గుండ్రటి తలుపుల్లోంచి వంగి దాటాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, ఇరుకంటే భయపడేవాళ్లు ఎదురుగా ఉన్న టీయూ-142 విమానం చూడటం మేలు. టిక్కెట్టు కౌంటరు మూసే వేళ ఆ ఉదయమే కనుక్కోండి.

ఆ తర్వాత ఇసుకలో కూర్చుని మురీ మిక్చర్ తినండి. గైడుకీ ఒక పొట్లం ఇప్పించండి.

లెక్క తేల్చడం

గైడు మిగతా సగం, డ్రైవరు డబ్బు విడివిడిగా వాళ్ల చేతికే ఇవ్వండి. ఒకరి ద్వారా ఇంకొకరికి పంపితే మధ్యలో మాట పడుతుంది. కారు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు మీటరు ఫొటో తీసి ఉంచుకుంటే కిలోమీటర్ల దగ్గర వాదన ఉండదు. టోలు, పార్కింగు చీటీలు చూసి కట్టండి. బాగా చూపించాడనిపిస్తే పైన కొంత ఇవ్వండి, నచ్చకపోతే ఏది నచ్చలేదో అతనికే మర్యాదగా చెప్పండి. ఆలస్యమై రాత్రి ఏడు దాటితే అదనపు గంటల డబ్బు అడగడం డ్రైవరు హక్కు, బేరం ఆడకండి.

రాయగడ, శ్రీకాకుళం వైపు నుంచి రైల్లో వచ్చేవాళ్లు విశాఖ దాకా వచ్చి మళ్లీ వెనక్కి పోనక్కర్లేదు. విజయనగరం జంక్షన్‌లో దిగి, గైడుని అక్కడికే రమ్మని, కోటతో రోజు మొదలుపెట్టండి. మధ్యాహ్నం తీరం వెంట వచ్చి కురుసుర చూసి, విశాఖలో రాత్రి ఉండి, మర్నాడు పొద్దున్నే సింహాచలం వెళ్లండి. ఆ పూటకి గైడు అక్కర్లేదు. కారు కూడా ఒకవైపు ప్రయాణానికే మాట్లాడుకోవచ్చు. విజయనగరం బండి కుదుర్చుకుంటే మాత్రం ఖాళీగా తిరిగి వెళ్లే దూరం కలుపుతారు, విశాఖ బండిని అక్కడికి పిలిస్తే వచ్చే దూరం కలుపుతారు. రెండూ అడిగి ఏది తక్కువైతే అది తీసుకోండి.